మెయిన్‌కు ముందు: కంప్యూటరు కార్యక్రమముల పూర్వరంగ చరిత్ర

సి భాషను బోధించు పాఠ్యపుస్తకములు పెక్కింటిలో ఒక వాక్యము కానవచ్చును: కార్యక్రమము 'మెయిన్' అను ప్రమేయముతో ప్రారంభమగును. విద్యార్థులు దీనిని కంఠస్థము చేసి, పరీక్షలలో వ్రాసి, ఉద్యోగములలో చేరి, విశ్రాంతి పొందువరకును నమ్మియుందురు. వాక్యము పూర్తిగా అసత్యము కాదు. వ్రాసినవాని దృష్టిలో ప్రారంభము అదియే. కాని యంత్రము దృష్టిలో మెయిన్ అనునది అప్పటికే జరుగుచున్న పని నడుమ వచ్చిన యొక పిలుపు మాత్రమే. పిలిచినదొకటి యున్నది కనుకనే మెయిన్ తన పని ముగించి యొక సంఖ్యను తిరిగి యిచ్చుచున్నది. ఎవరికి తిరిగి యిచ్చుచున్నదని ప్రశ్నించిన విద్యార్థి ఈ చరిత్రయొక్క ద్వారమున నిలిచినట్లే.

ఆ పిలుచు భాగమునకు తెలుగున నింతవరకు స్థిరమైన పేరు లేదు. ఇచ్చట దానిని పూర్వరంగమని వ్యవహరించుట యుచితముగ తోచుచున్నది. భరతుని నాట్యశాస్త్రమున పూర్వరంగమునకు ప్రత్యేకాధ్యాయము కలదు. వాద్యములను వరుసగ నుంచుట ప్రత్యాహారము. గాయకులు తమ స్థానములలో కూర్చుండుట అవతరణము. ఇట్టి యంగములు కొన్ని తెర వెనుకనే ముగియును. ప్రేక్షకునకు నాందితోగాని నాటకము కానరాదు. కంప్యూటరు కార్యక్రమమునందును తెర వెనుక జరుగు ప్రత్యాహారావతరణములు కలవు. వానిని వ్రాయువారు యంత్రమునకు మిక్కిలి సమీపమైన అసెంబ్లీ భాషలోనే వ్రాసిరి. ఎందుకట్లు వ్రాయవలసి వచ్చెనను ప్రశ్నకు సమాధానము చరిత్రలోనే లభించును.

విద్యుత్తు ప్రవహించిన క్షణమున యంత్రమునకు ఏమియు తెలియదు. దాని జ్ఞాపకశాలలో పనికిరాని యంకెలుండవచ్చును, ఏమియు లేకపోవచ్చును. ఒక నియత స్థానమునుండి ఆజ్ఞను గ్రహించి నెరవేర్చుట, తరువాతి యాజ్ఞకు పోవుట, ఇంతమాత్రమే దాని స్వభావము. ఆ మొదటి యాజ్ఞ యచ్చటికి వచ్చినదెట్లు? కార్యక్రమమును చదివి జ్ఞాపకశాలలో నిలుపుట కింకొక కార్యక్రమము కావలెను. దానిని నిలుపుటకు మరియొకటి. బీజము ముందో వృక్షము ముందో యను పాతచిక్కు వంటిదే యిది. పాశ్చాత్యులు దీనికి, తన పాదరక్షల పట్టీలను తానే పట్టుకొని పైకి లేచుటయను హాస్యార్థమున, 'బూట్‌స్ట్రాప్' అని పేరిడిరి. నేడు పల్లెలలో సైతము వినవచ్చు 'బూటగుట' యను మాట దానినుండి పుట్టినదే.

ఈ చిక్కునకు సుందరమైన తొలి పరిష్కారములలో నొకటి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున లభించెను. మారిస్ విల్క్స్ ఆధ్వర్యవమున నిర్మితమైన ఎడ్సాక్ యంత్రము 1949 మే 6న తన మొదటి కార్యక్రమమును నడిపెను. డేవిడ్ వీలర్ అను పరిశోధక విద్యార్థి దానికి 'ప్రారంభాజ్ఞలు' అను 31 ఆజ్ఞలను రచించెను. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో వాడు తిరుగుడు స్విచ్చులపై ఈ యాజ్ఞలు శాశ్వతముగ తీగలతో బంధింపబడెను. ప్రారంభపు మీటను నొక్కినంతనే అవి జ్ఞాపకశాలలోనికి దిగి, కాగితపు పట్టీపై రంధ్రములుగ నున్న కార్యక్రమమును చదివి, అక్షరములలో వ్రాసిన యాజ్ఞలను, దశాంశ సంఖ్యలలో నిచ్చిన స్థానములను యంత్రసంకేతములుగ మార్చి నిలిపి, పిదప ఆ కార్యక్రమమునకు అధికార మొసగుచుండెను. అదే సంవత్సరమున ఈ యాజ్ఞలు 41కి పెరిగెను. ముప్పదియొక్క ఆజ్ఞలలో నింతటి పని యిమిడ్చిన నేర్పు నేటి కార్యక్రమకర్తలకు ఆశ్చర్యము గొలుపకపోదు. ఆనాటి జ్ఞాపకశాల మిక్కిలి స్వల్పమగుటచే ఒక్క మాటను వృథాచేయుటకైన వీలులేకుండెను.

మన దేశమున టాటా మౌలిక పరిశోధన సంస్థలో ఆర్. నరసింహన్ నాయకత్వమున రూపొందిన యంత్రము 1960లో పనికి వచ్చెను. జవహర్‌లాల్ నెహ్రూ 1962లో దానికి 'టిఫ్రాక్' అని నామకరణము చేసెను. దాని జ్ఞాపకశాలలో 40 బిట్ల మాటలు 2048 మాత్రమే యుండెను. ఆ తరువాతి ఘట్టమున తెలుగుదేశపు పాత్ర ప్రధానమైనది. 1967 ఏప్రిల్ 11న హైదరాబాదున భారత ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమయ్యెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావు దానికి ఆద్యుడు. ట్రాంబేలోని భాభా పరమాణు పరిశోధన కేంద్రమున 1969లో వెలువడిన 12 బిట్ల 'ట్రాంబే డిజిటల్ కంప్యూటర్', అనగా టిడిసి 12, ఈ సంస్థద్వారా తయారై దేశమున వ్యాపించెను. 1970 దశకమున టిడిసి 312, 16 బిట్ల టిడిసి 316 దాని ననుసరించి వచ్చెను.

ఆ తరగతికి చెందిన చిన్న కంప్యూటర్లను మేల్కొలుపుట యెట్లుండెడిదో అమెరికా దేశపు పిడిపి 8 యంత్రమువలన చక్కగ తెలియును. యంత్రపు ముఖఫలకముపై 12 స్విచ్చుల వరుస యుండును. పనివాడు ఒక్కొక్క యాజ్ఞను పైకి క్రిందికి స్విచ్చులుగ నమర్చి, మీటనొక్కి, జ్ఞాపకశాలలో దింపును. ఇట్లు వేళ్లతో దింపిన పట్టెడు ఆజ్ఞలు ఒక చిన్న పట్టీని చదువును. ఆ పట్టీలోని పెద్ద లోడరు అసలు కార్యక్రమమును చదువును. నాటి అయస్కాంత వలయముల జ్ఞాపకశాల విద్యుత్తు పోయినను మరచునది కాదు గనుక, ఎవరైన పొరపాటున దానిపై మరియొకటి వ్రాయనంతకాలము ఆ యాజ్ఞలు నిలిచియుండును. దినదినము ఈ పని చేసినవారికి సంఖ్యలు నోటికి వచ్చియుండెడివి. ఓనమాలు దిద్దిన చేతికి అక్షరముల వంపువలె వారి వ్రేళ్లకు స్విచ్చుల వరుస అభ్యస్తమయ్యెను. ఈ యంగుళిస్మృతిని మన దేశమున నెవరును తగినంతగా గ్రంథస్థము చేయలేదు. యంత్రముల చిత్రములు మిగిలినవి, వాని యెదుట నిలిచినవారి అనుభవము మిగులలేదు.

ఇంతవరకు చెప్పినది యంత్రము మేల్కొనుటను గూర్చి. ఒక్కొక్క కార్యక్రమమునకు ప్రత్యేకమైన పూర్వరంగము బెల్ ప్రయోగశాలలలో పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో నారంభించిన యూనిక్స్ వ్యవస్థ శీఘ్రముగ పిడిపి 11 యంత్రమునకు చేరెను. 1972 ప్రాంతమున రిచీ సి భాషను రూపొందించెను. 1973లో యూనిక్స్ హృదయభాగమే ఆ భాషలో తిరిగి వ్రాయబడెను. సి కార్యక్రమము ప్రతిదానికి ముందు అతుకబడు చిన్న అసెంబ్లీ భాగమునకు వారు 'సి.ఆర్.టి. 0' అను పేరిడిరి. సి భాషయొక్క నడకకాలపు సామగ్రిలో సున్నవదియని దాని భావము. లెక్కింపు ఒకటితో గాక సున్నతో నారంభమగుటలో నొక వినయము కలదు.

ఆ భాగమున పట్టుమని యిరువది ఆజ్ఞలైన నుండవు. వ్యవస్థ ఒక కార్యక్రమమును ప్రారంభించునపుడు దానికి వినియోగదారు డిచ్చిన పదములెన్నియో తెలుపు సంఖ్యను, ఆ పదముల చిరునామాలను స్టాకుపై పేర్చి వదలును. కాని సి ప్రమేయము తనకు రావలసిన విలువలు వేరొక క్రమమున నుండవలెనని యాశించును. ఈ రెండు మర్యాదలకు నడుమ దుబాసివలె నిలిచి, సంఖ్యను తీసి, చిరునామాల వరుస మొదలును చూపి, మెయిన్‌ను పిలుచుటయే సి.ఆర్.టి. 0 చేయు పని. మెయిన్ తిరిగి వచ్చినపుడు అది యిచ్చిన సంఖ్యను 'ఎగ్జిట్' అను వీడ్కోలు ప్రమేయమునకు అప్పగించును. మెయిన్ ఎవరికి సమాధానము చెప్పుచున్నదను ప్రశ్నకు ఇదియే యుత్తరము. 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పునుండి 'పరిసరము' అను నొక మూట కూడ దీని చేతికి వచ్చెను: వినియోగదారుని యిల్లెచ్చట, అతని యాజ్ఞలను వెదుకవలసిన తావులెవ్వి, మున్నగు చీటీల మూట. ఈ మూట ప్రస్తావన మరల రాగలదు.

దీనిని సి భాషలోనే యేల వ్రాయరాదు? సి ప్రమేయము ప్రతిదియు స్టాకు సిద్ధముగ నున్నదని నమ్మి నడచును. వంటవాడు పొయ్యి యున్నదని నమ్మియే వంటకు దిగును. పొయ్యి పేర్చువాడు వేరు. స్టాకు ఎచ్చట మొదలగునో చెప్పు పనిని స్టాకుపై నాధారపడిన భాష చేయజాలదు. అందుచే పొయ్యి పేర్చు పని అసెంబ్లీకి దక్కినది. ఈనాటి 64 బిట్ల లినక్స్ వ్యవస్థలలో సైతము ఆ తొలి యాజ్ఞలు అసెంబ్లీలోనే యున్నవి. వానిలో మొట్టమొదటిది ఒక రిజిస్టరును సున్నచేయును. పిలుపులను వెనుకకు వెదకుచు పోవు పరిశోధకునకు ఇంతకు ముందు పిలిచినవారెవరును లేరని తెలుపుట కది గుర్తు. వంశవృక్షమునకు మూలపురుషుని యెదుట గీసిన అడ్డుగీత వంటిది. మధ్యలో మినహాయింపు లేకపోలేదు: 2004లో ప్రకటితమైన ఆర్మ్ కార్టెక్స్ ఎం3 జాతి చిన్న ప్రాసెసర్లలో స్టాకు స్థానమును యంత్రమే పట్టికలోని మొదటి మాటనుండి గ్రహించును, రెండవ మాట సూచించిన చోటికి పోవును. కనుక వానికి పూర్వరంగమును సి భాషలోనే వ్రాయవచ్చును. అయినను తయారీదారులు అసెంబ్లీలో వ్రాసి యిచ్చు ఆచారము మానలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ లేని చిన్న యంత్రములలో పూర్వరంగమునకు బరువు హెచ్చు. అచ్చట కార్యక్రమము చెరగని జ్ఞాపకశాలలో నుండును; విలువలు మారు చరరాశులు చెరగు జ్ఞాపకశాలలో నుండవలెను. ఆరంభవిలువలు గల చరరాశులను మొదటిచోటినుండి రెండవచోటికి నకలు చేయవలెను. ఆరంభవిలువ చెప్పని స్థిరస్థాన చరరాశులు సున్నయై యుండునని సి భాష మాట యిచ్చియున్నది గనుక ఆ భాగమునంతను సున్నలతో తుడువవలెను. ఈ భాగమునకు 'బి.ఎస్.ఎస్.' అను పేరు 1950 దశకమున ఐబిఎం 704 యంత్రపు అసెంబ్లరునుండి వచ్చినది. ఒక గుర్తుతో మొదలగు స్థలఖండమని దాని యర్థము. ఆ యంత్రము పోయి ఆరు దశాబ్దములు దాటినను పేరు పోలేదు. తుడుపు మరచినచో కలుగు తెగులు విచిత్రమైనది: యంత్రము ఒకప్పుడు సరిగా పనిచేయును, మరియొకప్పుడు పాత యంకెల మిగులుతో తప్పుచేయును. దోషమెచ్చట నున్నదో వెదకువాడు తాను వ్రాసిన భాగమంతయు గాలించి విసుగునుగాని, తాను వ్రాయని భాగమును తలపడు.

తుడుపు విలువ సిరోంచ తాలూకా ప్రజలకు ఎన్నికల దినమున కన్నులకు కట్టును. ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రపు తొలి నమూనాను 1979లో రూపొందించినది పైన చెప్పిన హైదరాబాదు సంస్థయే. 1982లో కేరళలోని పరూరున అట్టి యంత్రములు తొలిసారి వాడబడెను. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతట వాడబడెను. అహేరి శాసనసభా నియోజకవర్గములోని అడవిపల్లెలకు ఈ యంత్రములు చేరుటయే యొక ప్రయాస. గడ్చిరోలి జిల్లాలో సిబ్బందిని, యంత్రములను హెలికాప్టర్లలో దింపవలసివచ్చిన యెన్నికలు కలవు. పోలింగునకు ముందు అభ్యర్థుల ప్రతినిధుల యెదుట కనీసము 50 మాదిరి ఓట్లు వేయించి, ముగించి, ఫలితము చూపి, పిదప 'క్లియర్' మీట నొక్కి లెక్కలన్నియు సున్నయైనట్లు చూపవలెను. అటుపిమ్మటనే ముద్రవేసి యసలు పోలింగును ప్రారంభింతురు. ఏడుగంటలకు వచ్చి వరుసలో నిలిచిన మొదటి ఓటరునకు తన యోటే ప్రారంభము. వానికి ముందు జరిగినది వాని కెరుకలేదు. తుడుపు జరుగనిచో ఆ మాదిరి ఓట్లు నిజమైన వానిలో కలసిపోవును. మనుష్యులు కూర్చుండి చేయు ఈ తుడుపునే, యంత్రము తనలో తాను, విద్యుత్తు వచ్చిన ప్రతిసారియు చేయును. తెర వెనుకటి పనియే తెర ముందటి న్యాయమునకు పునాది యగుటకు ఇంతకంటె స్ఫుటమైన దృష్టాంతము దొరకదు.

సి++ భాషతో పూర్వరంగమున మరికొంత రద్దీ పెరిగెను. జాన్ స్ట్రౌస్ట్రప్ కాదు, బ్యార్న స్ట్రౌస్ట్రప్ రూపొందించిన యీ భాష 1985లో వెలువడెను. అందు మెయిన్‌కు ముందే నిర్మింపవలసిన వస్తువులుండును. వేర్వేరు ఫైళ్లలోని వానిలో నెవ్వి ముందు నెవ్వి వెనుకయో భాష నిర్ణయింపలేదు. దానివలని తగవులు నేటికిని తీరలేదు. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

తెలుగువారికి మిక్కిలి సంబంధించిన ఘట్టము 1989లో జరిగినది. ఆ సంవత్సరము అమెరికా ప్రమాణసంస్థ సి భాషకు ప్రమాణమును నిర్ణయించెను. మరుసటి యేడు అది అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. అందు 'లొకేల్' అను నొక యేర్పాటు ప్రవేశించినది. ఏ భాష, ఏ లిపి, ఏ యక్షరక్రమము, తేదీ వ్రాయు పద్ధతి యేది, దశాంశమునకు చుక్కయా కామాయా, యను విషయముల కట్ట యిది. ప్రమాణము ఒక విధి చేసెను: ప్రతి కార్యక్రమమును ప్రారంభమున 'సి' యను పేరుగల లొకేలులో నుండవలెను. 'సి' లొకేలనగా ఏ దేశపు భాషయు కాదు. ఆంగ్లాక్షరములు మాత్రమే యక్షరములుగ గుర్తించు బోడి స్థితి. వినియోగదారుని భాష యేదియో తెలుపు చీటీ, పైన చెప్పిన పరిసరపు మూటలో, పూర్వరంగముచేతనే మోయబడి వచ్చును. మూట విప్పి చీటీ చదువుమని కార్యక్రమకర్త మెయిన్‌లో ప్రత్యేకముగ నాజ్ఞాపించిననే భాష మారును. లేకున్న మూట మూటగనే యుండును.

దీనికి కారణము లేకపోలేదు. ఐరోపాలో పెక్కు భాషలు దశాంశమునకు కామా వాడును. పాత కార్యక్రమములు హఠాత్తుగ కామాలతో సంఖ్యలు వ్రాసినచో, చుక్కలతో చదువు కార్యక్రమములు తబ్బిబ్బగును. కనుక, అడిగినవారికే భాష యను నియమము జాగ్రత్తయే. కాని దాని ఫలితమును మోయువారు ఆంగ్లేతరులు. ఆజ్ఞను వ్రాయుట మరచిన కార్యక్రమకర్త కేమియు కానరాదు. అతని పరీక్షలన్నియు ఆంగ్లపదములతో నెగ్గును. సిరోంచలోని విద్యార్థి పేరుల పట్టికను తెలుగున దింపిననాడే లోపము తేలును.

'సిరోంచ' యను మాటనే తీసికొనుడు. బడిలో చేరిన బాలుడు దీనిని మూడక్షరములుగ లెక్కించును: సి, రోం, చ. 1991లో ప్రకటితమైన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము దొరకినది. ఆ పద్ధతిలో ఈ మాట సకారము, గుడి, రకారము, ఓత్వము, సున్న, చకారము, వెరసి 6 సంకేతములు. వానిని దాచు యుటిఎఫ్ 8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము 3 బైట్లు గనుక మొత్తము 18 బైట్లు. 'సి' లొకేలులో నున్న కార్యక్రమము అక్షరములెన్నియని యడిగిన 18 బైట్లను మాత్రమే లెక్కింపగలదు. వానిలో నొక్కటియు దానికి అక్షరము కాదు. చీటీ విప్పిన కార్యక్రమము 6 అనును. మూడు అని చెప్పుటకు తెలుగు గుణింతపు మర్యాద తెలిసిన వేరొక యేర్పాటు కావలెను. పుటపై అక్షరములు చక్కగ కానవచ్చుచున్నవి గదా యను నాక్షేపము నిలువదు. బైట్లను మార్చక దాటించినంతమాత్రమున తెరపై అక్షరములు కానవచ్చును. లెక్కించుటకు, అకారాదిగ కూర్చుటకు, మాట నడుమ తునుగకుండ కత్తిరించుటకు అంతమాత్రము చాలదు. పదునారు బైట్లకు కుదింపబడిన పట్టికలో 'సిరోంచ' చివర చకారము ముక్కలై, దాని స్థానమున ప్రశ్నార్థకపు గుర్తు నిలుచును.

ఇచ్చట మహారాష్ట్రమున జరిగిన యొక కృషిని విస్మరింపరాదు. 1988లో పుణెలో స్థాపితమైన సి-డాక్ సంస్థ, కాన్పూరు ఐఐటిలో నంకురించిన 'జిస్ట్' పరిజ్ఞానమును కార్డుగా మలచి, ఆంగ్లమునకై వ్రాసిన డాస్ కార్యక్రమములలో భారతీయలిపులు కనబడునట్లు చేసెను. దానికి తోడ్పడిన 'ఇస్కీ' సంకేతపద్ధతి 1991లో భారతప్రమాణమయ్యెను. అందు మరాఠీ కకారమునకు తెలుగు కకారమునకు సంఖ్య యొక్కటే. లిపి మాత్రము వేరుగ నెంచుకొనబడును. యూనికోడు రెంటిని వేరుపరచినను పాత పొందిక చెడలేదు: దేవనాగరి కకారము 0915, తెలుగు కకారము 0సి15. రెండు లిపులను ఒక్క పలకపై దిద్దు సరిహద్దు తాలూకా బాలురకు ఈ వరుస సహజముగనే తోచును.

బోడి ప్రారంభమును సవరించుటకు యత్నములు ఇటీవలనే ఫలించుచున్నవి. 2018లో వెలువడిన పైథాన్ 3.7 తన పూర్వరంగముననే 'సి' లొకేలును పసిగట్టి, వీలున్నచో యుటిఎఫ్ 8 గల రూపమునకు మారును. 2022లో గ్నూ సి గ్రంథాలయపు 2.35వ కూర్పు అట్టి రూపమును తనలో చేర్చుకొనెను. దీనితో ప్రపంచభాషల సంకేతములు గుర్తింపబడును. తెలుగు తేదీలు, తెలుగు వారముల పేర్లు మాత్రము రావు. వానికి తెలుగు లొకేలునే పిలువవలెను.

ఆ లొకేలు పేరులో రెండు భాగములు కలవు: తెలుగునకు 'టిఇ', భారతదేశమునకు 'ఐఎన్'. దేశముండును గాని రాష్ట్రముండదు. సిరోంచ 1860లో నిజాము చేతినుండి ఆంగ్లేయులకు దక్కి, ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమై, 1874లో చాందా జిల్లాలో కలసి, 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు చేరి, 1982లో గడ్చిరోలి జిల్లా భాగమైనది. గోదావరి దాటి కాళేశ్వరమున నున్న యంత్రమునకును, ఈవలి గట్టున సిరోంచలో నున్న యంత్రమునకును పూర్వరంగము మూటలో మోసికొనివచ్చు చీటీ యొక్కటే.